గంగకు ఇటు పాఠం, అటు పాఠం



1948 సెప్టెంబరు 17న డెక్కన్ రేడియోలో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ మాట్లాడారు. భారత సైన్యం హైదరాబాద్ సంస్థానంలో అడుగుపెట్టి అది ఐదో రోజు. లాయక్ అలీ మంత్రివర్గం దిగిపోయింది, నిజాం సైన్యం కాల్పులు ఆపింది. ఆ కబురు జనానికి చేరింది రేడియో మీదుగానే. రేడియో లేని ఊళ్లకు మనిషి నోటిమీదుగా పోయింది. అందుకే ఈ సంగతి రేడియోలోనే ఎత్తుకోవడం నాకు సబబనిపించింది. అన్నేళ్ల కిందటి ఆ రోజును ఏమని పిలవాలో మనకింకా తేలలేదు మరి.

ఆ చిక్కు నాకు బాగా కనిపించే చోటు నిజామాబాద్ జిల్లా రెంజల్ మండలం కందకుర్తి, మీలో చాలామంది చూసే ఉంటారు. గోదావరి, మంజీర, హరిద్ర కలిసే చోటు. మన దిక్కున గోదావరి అనేది పుస్తకాల్లో మాట, నోటిమాటకు అది గంగే. ఎండాకాలంలో నీళ్లు తగ్గితే నది నడుమ రాతి శివాలయం బయటపడుతుంది. వానలు దంచి, శ్రీరాంసాగర్ వెనుక నీళ్లు ఎగదన్నితే మళ్లీ మునుగుతుంది. పుష్కరాలప్పుడు ఇసుకేస్తే రాలనంత జనం. వంతెన దాటితే మహారాష్ట్ర, నాందేడ్ జిల్లా. ధర్మాబాద్ బజారుకు పోయివచ్చేవాళ్లకు, అటు పిల్లనిచ్చి ఇటు పిల్లను తెచ్చుకున్నవాళ్లకు అదేమీ పరాయి దేశం కాదు. 1956 దాకా రెండు ఒడ్లూ ఒకే హైదరాబాద్ రాష్ట్రం. ఆ ఏడు నవంబరు 1న రాష్ట్రాల హద్దులు మారినప్పుడు బిచ్కుంద, జుక్కల్ సర్కిళ్లు నాందేడ్ జిల్లా దెగ్లూరు తాలూకా నుంచి విడివడి నిజామాబాద్ జిల్లాలో కలిశాయి. అంటే అక్కడి ముసలివాళ్లు ఊరు కదలకుండానే జిల్లా మారారు, రాష్ట్రం మారారు, బడిలో వాళ్ల పిల్లలు చదివే చరిత్ర పుస్తకం కూడా మారింది.

ఆ హద్దు సెప్టెంబరు 17ను కూడా పంచింది. అవతలి ఒడ్డు బడిలో ఆ రోజు మరాఠ్వాడా ముక్తి సంగ్రామ దినం. జెండా ఎగరేస్తారు, స్వామి రామానంద తీర్థను తలుచుకుంటారు. నాందేడ్ విశ్వవిద్యాలయానికి ఆయన పేరే పెట్టుకున్నారు. బీదర్, కలబురగి దిక్కున అదే రోజు కల్యాణ కర్ణాటక ఉత్సవం. మన దగ్గర సమైక్య రాష్ట్రంలో ఆ రోజుకు సర్కారు పండుగ లేదు. తెలంగాణ వచ్చాక కూడా చాలా ఏళ్లు లేదు. 2022లో రాష్ట్ర ప్రభుత్వం జాతీయ సమైక్యతా దినమంది. అదే రోజు సికింద్రాబాద్ పరేడ్ మైదానంలో కేంద్ర ప్రభుత్వం విమోచన దినమంది. 2024లో రాష్ట్రంలో కొత్త ప్రభుత్వం ప్రజాపాలన దినమంది. విలీనమని కొందరు, విద్రోహమని కొందరు ముందునుంచీ అంటూనే ఉన్నారు.

ఇప్పుడు రెంజల్‌లో ఒక సర్కారు బడి పంతులును తలుచుకోండి. పొద్దున్నే జెండా కట్టాలి, పిల్లలకు నాలుగు మాటలు చెప్పాలి. ప్రభుత్వం మారితే పోయినసారి చెప్పిన పేరు ఈసారి చెల్లదు. ఆయన ఏం చేస్తాడు? వచ్చిన సర్క్యులర్‌లో ఉన్న పేరు చదివి, మిఠాయి పంచి, పిల్లల్ని లోపలికి పంపిస్తాడు. నేనూ సాంఘిక శాస్త్రం చెప్పినవాణ్ణే కాబట్టి ఆయన్ను తప్పుపట్టలేను. ఉద్యోగం చేసుకునేవాడు అంతకన్నా ఏం చేస్తాడు?

పేరు మీద ఇంత పంచాయితీ జరుగుతుంటే, ఆ పేరు కింద ఉన్న బతుకులు మాత్రం పాఠంలోకి సగమే వస్తున్నాయి. రజాకార్ల దౌర్జన్యం వస్తుంది, రావాలి కూడా. నల్లగొండ, వరంగల్ రైతుల సాయుధ పోరాటం వస్తుంది. ఆ పోరాటం 1948తో ఆగలేదు, సైన్యం వచ్చాక కూడా 1951 అక్టోబరు దాకా సాగింది. వెట్టి గురించి రెండు మాటలు వస్తాయి. సైన్యం వచ్చిన తర్వాతి వారాల్లో ఏం జరిగింది? అది మాత్రం రాదు. 1948 చివర్లో పండిత్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్, మౌలానా అబ్దుల్లా మిస్రీ కలిసి ఊరూరా తిరిగి ప్రభుత్వానికి ఒక నివేదిక ఇచ్చారు. అది దశాబ్దాల పాటు బయటికి రాలేదు. ప్రాణనష్టం తక్కువలో తక్కువ 27 వేల నుంచి 40 వేల దాకా ఉంటుందని వాళ్ల అంచనా. చనిపోయినవాళ్లలో ఎక్కువమంది ముస్లింలు. అన్నిటికన్నా ఎక్కువ నలిగిపోయినవని వాళ్లు చెప్పిన నాలుగు జిల్లాలు ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్. నాందేడ్ అంటే మన వంతెనకు అవతలి ఒడ్డు.

ఒక కన్నీటిని చెప్పి ఇంకో కన్నీటిని దాస్తే పిల్లలకు చేరేది చరిత్ర కాదు, పార్టీ కరపత్రం. రజాకార్ల చేతిలో పోయినవాళ్ల మనవలు, ఆ తర్వాతి గలాటాలో పోయినవాళ్ల మనవలు ఈ దిక్కున ఒకే బెంచీ మీద కూర్చుంటారు. వాళ్లిద్దరి ఇళ్లల్లోనూ ఆ కథలు చెప్పుకుంటూనే ఉన్నారు. బడి చెప్పనంత మాత్రాన ఇల్లు మానుకోదు. కాకపోతే ఇంట్లో ఎవరి కథ వాళ్లకే చేరుతుంది. రెండూ కలిపి వినే అవకాశం ఉన్నది ఒక్క తరగతి గదిలోనే.

తెలంగాణ చరిత్రను చిన్నచూపు చూశారన్నది ఉత్త మాట కాదు. సమైక్య రాష్ట్రంలో చదువుకున్న మా తరానికి ఆ సంగతి బాగా తెలుసు. శాతవాహనులు, కాకతీయులు, గోల్కొండ, ఆ తర్వాత ఒక్క గంతు, నేరుగా 1956. 2014 జూన్ 2 తర్వాత పుస్తకాలు మారాయి. మంచిదే. పదో తరగతి సాంఘిక శాస్త్రంలో రాష్ట్ర ఏర్పాటు ఉద్యమం ఒక పాఠం. కాకపోతే అది పుస్తకం చివర్లో ఉంది. చివరి పాఠాల గతి ఏమిటో బడిలో చాక్‌పీస్ పట్టినవాళ్లందరికీ ఎరుకే: సిలబస్ అయిపోగొట్టాలన్న తొందరలో, రివిజన్‌కు ముందు, ఒక పూటలో ముగుస్తాయి.

నిజానికి మన చరిత్రను ఒళ్లు దగ్గర పెట్టుకుని చదువుతున్నది బడి పిల్లలు కాదు, ఉద్యోగ పరీక్షల అభ్యర్థులు. గ్రూప్స్ పరీక్షల్లో తెలంగాణ ఉద్యమం, రాష్ట్ర ఆవిర్భావం మీద ప్రత్యేకంగా ఒక పేపరే ఉంది. నిజామాబాద్ కోచింగ్ సెంటర్లలో, లైబ్రరీ మెట్ల మీద పిల్లలు దాన్ని వల్లెవేస్తుంటారు. ముల్కీ నిబంధనలు, పెద్దమనుషుల ఒప్పందం జరిగిన తేదీ, 1969 ఉద్యమం. నిజాం రాష్ట్ర ఆంధ్ర మహాసభ ఆరో సమావేశం ఎక్కడ జరిగింది? నిజామాబాద్, 1937, అధ్యక్షుడు మందుముల నర్సింగరావు. ఒక మార్కు. ఇంతకాలం ఎవరూ అడగని ప్రశ్న అడుగుతున్నందుకు సంతోషమే. కానీ ఆ సభ ఈ ఊళ్లోనే జరిగిందని, అక్కడికి వచ్చినవాళ్లు ఏం కోరుకున్నారని ఆ మార్కు అడగదు. చరిత్ర బిట్టు పేపరయి కూర్చుంది.

బోధన్ సంగతే చూడండి. బుద్ధుడి కాలం నాటి పదహారు మహాజనపదాల్లో వింధ్యకు దక్షిణాన ఉన్నది అశ్మకం ఒక్కటే. దాని రాజధాని పోదన మన బోధనేనని చాలామంది చరిత్రకారుల మాట. జైనులు బాహుబలి రాజధాని పౌదనపురం ఇదేనంటారు. శ్రవణబెళగొళలో 12వ శతాబ్దంలో బొప్పన కవి రాసిన శాసనం ఒక కథ చెప్తుంది. పౌదనపురంలో భరతుడు నిలిపిన బాహుబలి విగ్రహాన్ని చూడాలని చాముండరాయుడు ఆశపడ్డాడట, అక్కడికి చేరడం కాని పని అనేసరికి శ్రవణబెళగొళ కొండమీదే గోమటేశ్వరుణ్ణి చెక్కించాడట. ఆ లెక్కన లోకమంతా పోయి చూసే ఆ విగ్రహానికి మన బోధన్‌తో బాదరాయణ సంబంధం కన్నా గట్టి చుట్టరికమే ఉంది.

ఇంకా ఉంది. వేములవాడ చాళుక్యుల తొలి రోజుల్లో వాళ్ల ఉనికి బోధన్‌లోనే. వాళ్ల వంశంలో యుద్ధమల్లుడు బోధన్‌లో నూనె నింపిన బావిలో ఐదువందల ఏనుగులకు స్నానం చేయించేవాడని వాళ్ల శాసనాలు చెప్పుకున్నాయి. 966 నాటి పర్భణీ రాగి శాసనంలో కూడా ఆ మాట ఉంది. నిజమా, రాజు గొప్ప కోసం రాయించుకున్న అతిశయమా అన్నది వేరే సంగతి. ఏడో తరగతి పిల్లవాడికి ఈ ఒక్క వాక్యం చెప్పి చూడండి. అన్ని ఏనుగులకు తిండి ఎక్కణ్ణుంచి వచ్చేది, అంత నూనె ఏ గింజలది, ఎవరు గానుగ ఆడారు, ఎవరి పొలాల మీద పన్ను వేశారు అని ప్రశ్న మీద ప్రశ్న వేస్తాడు. అదే కదా చరిత్ర పాఠమంటే! ఆ వంశపు రెండో అరికేసరి కొలువులోనే పంప మహాకవి కన్నడంలో భారతం రాశాడు. పంపడి తమ్ముడు జినవల్లభుడు కరీంనగర్ దిక్కున కుర్క్యాల బొమ్మలగుట్ట మీద వేయించిన శాసనంలో, నన్నయ్య కన్నా ముందే, తెలుగు కందపద్యాలున్నాయి. కుర్క్యాల ఇప్పుడు పరీక్షల్లో అడుగుతారు. దానికి ముందున్న బోధన్ మాత్రం తల లేని మొండెంలా విడిగా ఉండిపోయింది.

బోధన్‌లోనే దేవల్ మసీదు ఉంది. గుడిగా కట్టారు, తుగ్లక్‌ల కాలంలో మసీదయింది. ఆ కట్టడపు నక్షత్రాకారపు గోడలు చూస్తే మొదటి శిల్పుల చేయి తెలుస్తుంది, అక్కడి పారసీ శాసనాలు చదివితే రెండో కాలం తెలుస్తుంది. నిజాం ప్రభుత్వ పురావస్తు శాఖను నడిపిన గులాం యజ్దానీ బోధన్ శాసనాలను వందేళ్ల కిందటే చదివి అచ్చు వేయించారు. ఈ రోజుల్లో దాని దగ్గరికి పిల్లలను తీసుకుపోవాలంటే పంతుళ్లు జంకుతారు, ఎవరు ఏమంటారోనని. ఆ జంకును నేను అర్థం చేసుకోగలను. అయినా రెండు కాలాలూ ఒకే గోడ మీద కళ్లకు కనిపించే చోటు ఇంత దగ్గర్లో ఉండగా, పిల్లలను బస్సెక్కించి గోల్కొండ దాకా తీసుకుపోయి, లేజర్ షో చూపించి, బిర్యానీ తినిపించి తీసుకురావడమేంటి?

ఇవన్నీ ఒక ఎత్తు. నాకు ఎక్కువ దిగులు పుట్టించేది ఇంకొకటి. వెయ్యేళ్ల నాటిది పోయిందని ఏడుస్తూ, నిన్నటిది కళ్లముందే పోగొట్టుకుంటున్నాం.

1923 నుంచి 1931 దాకా మంజీర మీద నిజాంసాగర్ కట్టారు. కట్టిన ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్. ఆయన పుట్టినరోజు జులై 11ను ఇప్పుడు తెలంగాణ ఇంజనీర్ల దినమంటున్నాం. రెండు లక్షల డెబ్బై ఐదు వేల ఎకరాలకు నీళ్లని లెక్క. ఆ నీళ్లు వచ్చాకే ఈ నేల చెరుకు నేల అయింది. 1937లో బోధన్ శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ లేచింది. ఆసియాలోకెల్లా పెద్దదని చెప్పుకునేవాళ్లు. ఫ్యాక్టరీకి సొంత చెరుకు తోటలు, చెరుకు మోసుకొచ్చే చిన్న రైలు, అధికారులకు బంగళాలు, కార్మికులకు క్వార్టర్లు. క్రషింగ్ నడిచినన్నాళ్లూ ఊళ్లకు ఊళ్లు మడ్డి వాసన. కటింగ్ ఆర్డర్ చేతికి వచ్చేదాకా రైతుకు నిద్ర పట్టేది కాదు. వచ్చాక గడ నరికించి, బండి కట్టి, కాంటా ముందు బండ్ల వరసలో రాత్రంతా చలిమంట వేసుకుని కూర్చోవడం. ఆలస్యమైతే గడ ఎండుతుంది, ఎండితే తూకం పడిపోతుంది. ఆ చీటీ మీద అంకె చూసి పెళ్లి ముహూర్తాలు పెట్టుకున్న ఇళ్లున్నాయి, వాయిదా వేసుకున్న ఇళ్లూ ఉన్నాయి.

2002లో ఫ్యాక్టరీలో 51 శాతం వాటా ప్రైవేటు చేతికి పోయింది. 2015 డిసెంబరులో లేఆఫ్ ప్రకటించి మూసేశారు. బోధన్‌తో పాటు మెట్‌పల్లి దగ్గరి ముత్యంపేట, మెదక్ దగ్గరి మంబోజిపల్లి యూనిట్లు కూడా. మళ్లీ తెరుస్తామన్న మాట ఎన్నికల సభలన్నిట్లో విన్నాం, కమిటీలూ చూశాం. తెరవడం తెరవకపోవడం రాజకీయం, నా పని కాదు. నా బాధ పాఠం గురించి. పుస్తకంలో ఈ కథకు దక్కింది ఒక్క గీత: జతపరచుము, బోధన్, చక్కెర, 1937. దాని కిందే వరంగల్, ఆజంజాహీ మిల్లు, 1934. ఆ మిల్లునైతే కూల్చేసి ప్లాట్లు చేశారు. రేపు అక్కడ ఇల్లు కట్టుకున్నవాళ్ల పిల్లలు, తాము నిల్చున్న చోటే మగ్గాలు ఆడేవని తెలియకుండా ఆ జతను సరిగ్గానే కలుపుతారు, మార్కూ వస్తుంది.

చక్కెర కథ పాఠంలోకి రాకపోవడానికి నాకు తోచే కారణం, అది ఎవరి జెండా కిందా సరిగ్గా ఇమడకపోవడమే. నిజాంను తిట్టాలనుకునేవాళ్లకు నిజాంసాగర్ అడ్డు వస్తుంది. పొగడాలనుకునేవాళ్లకు అదే పాలనలోని వెట్టి, గడీలు, జైలు అడ్డు వస్తాయి. 1948లో నిజామాబాద్ ఖిల్లా జైల్లోనే కదా దాశరథి, వట్టికోట ఆళ్వారుస్వామి ఉన్నది, దాశరథి బొగ్గుముక్కతో గోడల మీద పద్యాలు రాసింది. ఇక కాలువ నీళ్లు వచ్చాక కోస్తా జిల్లాల నుంచి వచ్చి భూములు కొని, తవ్వి, చదును చేసి స్థిరపడ్డ రైతులున్నారు. బోధన్, వర్ని, కోటగిరి దిక్కున పేరు చివర క్యాంపు అని ఉన్న ఊళ్లన్నీ వాళ్లవే. రాష్ట్ర ఉద్యమ కథ చెప్పేటప్పుడు ఈ క్యాంపులను ఏం చేయాలో పాఠం రాసేవాళ్లకు తెలియదు. వాళ్ల మనవలు మాట్లాడేది మన యాస, చదివేది మన పుస్తకం. అందులో వాళ్ల తాతలు లేరు. తక్కువ ధరకు భూములు అమ్ముకున్న ఇక్కడి రైతులూ లేరు. ఒకరి చెమట, ఇంకొకరి నష్టం రెండూ ఉన్న కథ అది. రెండూ కలిపి చెప్పడానికి ధైర్యం చాలక రెండూ వదిలేశాం.

చేయవలసింది చేసినవాళ్లు మనకు లేకపోలేదు. తెలంగాణలో కవులు లేరని ఒకాయన అన్నాడని సురవరం ప్రతాపరెడ్డి ఊరికే కోప్పడి ఊరుకోలేదు. తన గోలకొండ పత్రికలో ప్రకటించి, ఊరూరి నుంచి కవితలు తెప్పించి, 1934లో గోలకొండ కవుల సంచిక అచ్చు వేశారు. 354 మంది కవులు. పోస్టు కార్డులు, ఓపిక, ఒక పత్రిక, అంతే ఆయన దగ్గరున్న సామగ్రి. అంతకు ముందే కొమర్రాజు లక్ష్మణరావు పేరు మీద పరిశోధక మండలి పెట్టుకున్నవాళ్లు పాడుబడ్డ గుళ్ల చుట్టూ తిరిగి శాసనాలు ఎత్తి రాసుకొచ్చారు, 1935లో తెలంగాణా శాసనములు అని పుస్తకం తెచ్చారు. వాళ్లలో వకీళ్లున్నారు, బడిపంతుళ్లున్నారు. సర్కారు సిలబస్ కమిటీ వేసేదాకా ఆగి ఉంటే మనకు ఆ రెండు పుస్తకాలూ దక్కేవి కావు.

అదే పని రెంజల్ మండలంలో ఇప్పుడు చేయవచ్చు. ఫ్యాక్టరీలో మొదటి తరం వెళ్లిపోయింది. రెండో తరంలో వీఆర్‌ఎస్ తీసుకున్నవాళ్లు, లేఆఫ్‌తో ఇంటికి వచ్చినవాళ్లు నీలాలో, సాటాపూర్‌లో, తాడ్‌బిలోలిలో అరుగుల మీద కూర్చుని దొరుకుతారు. ప్రతి ఉన్నత పాఠశాలలో తొమ్మిదో తరగతికి ప్రాజెక్టు పని ఎలాగూ ఉంది. ఇప్పటిదాకా పిల్లలు ఇంటర్నెట్ నుంచి తాజ్‌మహల్ బొమ్మ దించి అంటించి మార్కులు తెచ్చుకుంటున్నారు. ఈసారి వాళ్ల చేతికి ఒక నోటుబుక్కు, ఇంట్లో ఫోనుంటే అది కూడా ఇచ్చి తాతల దగ్గరికి పంపండి. ప్రశ్నలు కూడా పెద్దవి వద్దు. పాత తూకం చీటీ ఏదైనా ట్రంకుపెట్టెలో ఉందా? ఫ్యాక్టరీ రైలు ఏ పొలాల మధ్య నుంచి పోయేది, పట్టాలు ఎవరు ఊడదీశారు? చెరుకు కొట్టడానికి ఎవరు వచ్చేవారు, వాళ్ల గుడిసెలు ఎక్కడుండేవి, ఏ భాష మాట్లాడేవారు? ఆడవాళ్లకు కూలీ ఎంత, మగవాళ్లకు ఎంత? సమ్మె జరిగిందా, జరిగితే పొయ్యి ఎట్లా వెలిగింది? చెరుకు పోయి వరి ఎప్పుడొచ్చింది, అది ఎవరి నిర్ణయం?

పిల్లలు తెచ్చినదాంట్లో తప్పులుంటాయి. ఒక తాత 1960 అంటాడు, ఇంకో తాత 1965 అంటాడు. రెండూ రాసుకోమనండి. తేడా ఎందుకు వచ్చిందో తరగతిలో తేల్చుకోనివ్వండి. వీలైతే ఆ నోటుబుక్కుల నకలు వంతెన దాటించి ధర్మాబాద్ బడికి కూడా పంపండి. అక్కడి పిల్లల తాతల్లో మన చెరుకు కొట్టినవాళ్లు ఉండవచ్చు, సెప్టెంబరు 17 తర్వాత ఊరు వదిలి ఇటు వచ్చినవాళ్ల బంధువులూ ఉండవచ్చు. వాళ్లు మరాఠీలో రాసి పంపితే చదివిపెట్టేవాళ్లకు కందకుర్తిలో కొదవ లేదు.